ఒంటి రంగు చూసి పొట్టేలును ఎంచుకోవచ్చా? చింతామణి దగ్గర జోడిపి మంద

చింతామణి మంద (ప్రశ్న):

నమస్కారం. నేను బెంగళూరులో ఎలహంక దగ్గర ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. మా కుటుంబానికి చింతామణి తాలూకాలో తొమ్మిది ఎకరాల మెట్ట భూమి ఉంది. నాలుగేళ్ల కిందట మదనపల్లె వైపు నుంచి నెల్లూరు జాతిలో ఒక రకమైన జోడిపి గొర్రెలను ముప్పై తెచ్చి మొదలుపెట్టిన మందలో ఇప్పుడు ఈనే గొర్రెలే అరవై ఉన్నాయి. మందను చూసుకునేది మా మేనమామ గారు. పుస్తకంలో లెక్కలు రాసేది నేను.

పాత పొట్టేలుకు పుట్టిన కన్నెగొర్రెలు ఎదకు వచ్చే వయసుకు చేరుతున్నందువల్ల దానిని మార్చక తప్పదు. మా ముందు మూడు పొట్టేళ్లు ఉన్నాయి. మొదటిది చూడగానే జోడిపి అని ఎవరైనా చెప్పగలిగేది: తెల్లని ఒళ్లు, కళ్ల చుట్టూ, పెదవుల దగ్గర, కింది దవడ మీద కాటుక పెట్టినట్టు నల్లమచ్చలు. రెండవది ఒళ్లంతా ఎరుపు ఉన్న, అదే జాతిలోని దొర రకం. అదే వయసులో మొదటి దానికంటే నాలుగు కిలోలు ఎక్కువ తూగింది, పైగా కవల పిల్లల్లో ఒకటి. మూడవది డార్పర్ అనే విదేశీ మాంసపు జాతి రక్తం సగం ఉన్నదని చెప్పి చూపిస్తున్న పొట్టేలు. దాని తొడల కండ చూస్తే కళ్లు తిప్పుకోలేము గానీ, వీపు మీద రెండు అరచేతుల వెడల్పున ఉన్ని అట్టకట్టి ఉంది, మిగతా ఒళ్లంతా పొట్టి వెంట్రుకే.

మామయ్య గారిది ఒకటే మాట. తెల్లది ఎండకు ఓర్చుకుంటుంది, ఎర్రదీ నల్లదీ ఎండను తాగుతాయి, కాబట్టి తెల్లదే కావాలి అంటారు. దీనికి తోడు పోయిన ఈతలో పుట్టిన యాభై అయిదు పిల్లల్లో రెండు పూర్తిగా నల్లవి వచ్చాయి. మాకు పొట్టేలును అమ్మిన వ్యాపారి సంకరాన్ని అంటగట్టాడని ఆయన నేటికీ కోపంగా ఉన్నారు.

పెద్దలను నేను అడగదలచుకున్నవి ఇవి. మా ప్రాంతపు ఎండకు ఒంటి రంగు నిజంగా అంత ముఖ్యమా? ఆ ఉన్ని పలక రెండు మూడు తరాలలో తొలగిపోతుందా, లేక మందలో స్థిరపడుతుందా? నల్లపిల్లలు పుట్టడం మోసానికి గుర్తేనా? అన్నిటికంటే ముఖ్యంగా, ఒంటి తీరును పట్టుకుని ఎంపిక చేస్తే మనకు తెలియకుండా పోగొట్టుకునేది ఏమిటి?

హెబ్బాళ పాత విద్యార్థి:

మీ మామయ్య గారి మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం మీరు ఏ ఊరిలో, ఏ నెలలో, ఎంత గాలిలో నిలబడి చూస్తున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. పశువైద్యంలో ముప్పై ఏళ్లు గడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని కాబట్టి కొంచెం విస్తరించి రాస్తాను, ఓపిక పట్టండి.

గొర్రె ఒంటి వేడి మామూలుగా 39 డిగ్రీల దగ్గర ఉంటుంది. మనలాగా ధారలుగా చెమట పట్టి చల్లబడే శక్తి దానికి లేదు. ఎండ ముదిరినకొద్దీ అది రొప్పి, ముక్కులోనూ నోటిలోనూ ఉన్న తేమను ఆవిరిగా పంపి వేడిని దించుకుంటుంది. నీడలో ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషానికి 20, 30 ఊపిర్లు తీసే జీవం మిట్టమధ్యాహ్నం 200 దాటి రొప్పగలదు. ఇలా రొప్పడం పొడి గాలిలో బాగా పనిచేస్తుంది, చెమ్మగాలిలో అంతగా పనిచేయదు. అందువల్ల చెన్నై చుట్టుపక్కల మద్రాస్ రెడ్ గొర్రె ఎదుర్కొనే ఎండ వేరు, చింతామణిలో మీ జోడిపి ఎదుర్కొనే ఎండ వేరు. అక్కడ మే నెల రాత్రి కూడా ఉక్కపోతే. మీ ఊరు ఎత్తున ఉన్నందువల్ల ఏప్రిల్‌లో కూడా తెల్లవారుజామున చల్లగాలి తగిలి, పగలంతా ఒంట్లో చేరిన వేడి బయటికి పోతుంది. ఒక్క మాట గమనించండి: ఆ ఉక్క నేలలో తరతరాలుగా నిలిచిన మద్రాస్ రెడ్ తెల్లనిది కాదు, ఎర్రనిది. దాని బలం పొట్టి వెంట్రుకలో, చిన్న ఒంటిలో ఉంది.

ఇక రంగు సంగతి. తెల్లని వెంట్రుక ఎండను ఎక్కువగా తిప్పికొడుతుందన్నది నిజమే. కానీ వెంట్రుక పలుచగా ఉంటే, తిప్పికొట్టిన వెలుగులో కొంత వెంట్రుకల మధ్య చెదిరి చర్మం దాకా దిగుతుంది. నల్లని దట్టమైన బొచ్చులో ఎండ పైకొసల దగ్గరే ఆగి వేడిగా మారుతుంది, గాలి వీస్తే ఆ వేడిలో చాలా భాగం అక్కడి నుంచే ఎగిరిపోతుంది. అందుకే తెల్ల వెంట్రుక కింద నల్లని చర్మం ఉండటం ఎండదేశపు పశువుకు మంచి కూర్పు. మన ఒంగోలు ఎద్దును చూడండి: పైన తెలుపు, లోపల చర్మం నలుపు. మీ తెల్ల పొట్టేలు తొడ లోపలి భాగంలోనూ చెవి లోపలా చర్మం గులాబీ రంగులో ఉందో, నల్లగా ఉందో చూసిన తరువాతే దాని తెలుపుకు మార్కులు వేయండి. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో బెదూయిన్లు పెంచే మేకలు నల్లవి. ఎండాకాలంలో అవి తెల్లవాటికంటే ఎక్కువ వేడిని పీల్చుకుంటాయని కొలిచి తేల్చారు. అయినా శీతాకాలపు ఉదయం అదే నలుపు వాటిని మేత ఖర్చు లేకుండా వెచ్చబరుస్తుంది. నీరు, మేత తక్కువైన చోట అది చిన్న లాభం కాదు.

ఉన్ని గురించి కూడా మనలో ఒక అపోహ ఉంది. ఆస్ట్రేలియా మండుటెండలో నిలబడిన మెరినో గొర్రె ఉన్ని పైకొస 80 డిగ్రీలు దాటినప్పటికీ లోపల చర్మం 42 డిగ్రీల దగ్గరే ఉన్నట్టు కొలతలు ఉన్నాయి. అంటే ఎండలో ఉన్ని గొడుగులా పనిచేస్తుంది. ఎండ తగ్గి, గాలి ఆగి, చెమ్మ పెరిగినప్పుడు అదే ఉన్ని లోపలి వేడిని కదలనివ్వదు. మీ మూడవ పొట్టేలు వీపు మీది పలక గొడుగుకు చాలేంత మందం కాదు, ఆరిపోయేంత పలుచన కూడా కాదు. అక్టోబరు, నవంబరు వానలలో తడిసి ఆరని ఉన్ని మీద ఈగలు గుడ్లు పెడతాయి, పురుగు పడుతుంది. నిజానికి మీ ఊరిలో నాకు ఎండ కంటే ఆ రెండు నెలల మీదే ఎక్కువ బెంగ. దోమల కంటే చిన్నవైన ముసురీగలు నీలినాలుక జబ్బును మోసుకొచ్చేది కూడా ఆ చిత్తడిలోనే.

చివరిగా, జాతిని ఒంటి మీది బొచ్చుతోనే తూచకండి. బెంగళూరులో అందరూ మెచ్చే బన్నూరు గొర్రె కురచ కాళ్లతో పీపాలా ఉంటుంది, వెనుక నుంచి చూస్తే తొడల మధ్య ఖాళీ తలకిందులైన ఇంగ్లీషు U అక్షరంలా కనబడుతుంది, మాంసం శ్రేష్ఠమైనదే. కానీ మేత కోసం రోజూ మైళ్లు నడవవలసిన మందకు మీ నెల్లూరు జాతి పొడుగు కాళ్లు కూడా ఎండను తట్టుకునే సాధనమే. పొట్ట కాలుతున్న నేలకు దూరంగా ఉంటుంది.

జన్యుపాఠం:

పైన పెద్దలు ఒంటి పనితీరును చెప్పారు కాబట్టి నేను జన్యువుల వైపు నుంచి మాట్లాడతాను. ముందుగా ఆ వ్యాపారి మీద ఉన్న నేరారోపణను విచారిద్దాము.

గొర్రెల్లో నలుపు రెండు దారుల్లో వస్తుంది. ఎంసీ1ఆర్ అనే జన్యువులో వచ్చిన ఒక మార్పు బహిర్గతమైనది. దాని ఒక్క ప్రతి చాలు, పిల్ల నల్లబడుతుంది. అలాంటి నలుపు తెల్ల తల్లిదండ్రుల లోపల దాగి ఉండలేదు. రెండవది అగౌటి అనే జన్యువుకు సంబంధించినది. ఆ జన్యువు పనిచేయనప్పుడు వచ్చే నలుపు అంతర్గతమైనది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి కలిస్తే తప్ప బయటపడదు. తెల్లని మెరినో మందల్లో నల్లపిల్లలు పుట్టడానికి కారణం ఇదే. ఆ తెలుపు కూడా వింతైనదే: అగౌటి జన్యువు ఉన్న ముక్క ఒకే చోట రెండు మూడు సార్లు నకలై, ఎక్కువగా పనిచేయడం వల్ల వచ్చినది.

మీ మందకు ఈ లెక్కను అన్వయించి చూడండి. పొట్టేలు నలుపును దాచుకున్నదే అయితే, అలాగే దాచుకున్న గొర్రెతో కలిసినప్పుడు నాలుగు పిల్లల్లో ఒకటి నల్లగా పుడుతుంది. యాభై అయిదు పిల్లల్లో రెండు నల్లవి అంటే, మీ గొర్రెల్లో దాదాపు ఎనిమిదింటిలో ఆ జన్యువు దాగి ఉన్నదన్న మాట. అంటే మదనపల్లె నుంచి వచ్చిన తల్లులకు కూడా ఇందులో వాటా ఉంది. వ్యాపారి సంకరాన్ని అమ్మి ఉండవచ్చు, అమ్మకపోయీ ఉండవచ్చు. నల్లపిల్ల మాత్రం దానికి సాక్ష్యం కాదు. మీరు గమనించవలసినది మరొకటి ఉంది. ఆ పొట్టేలు కూతుళ్లలో సగానికి ఆ జన్యువు చేరి ఉంటుంది, కాబట్టి దాని కొడుకును మందలో కట్టుకుంటే నల్లపిల్లలు ఇంకా పెరుగుతాయి.

నల్లపిల్లలను అమ్మేస్తూ పోతే నలుపు పోదా అని అడగవచ్చు. చాలా మెల్లగా పోతుంది. నూటికి ఒక్క నల్లపిల్ల పుట్టే పెద్ద మందలో పైకి తెల్లగా కనబడుతూ లోపల ఆ జన్యువును మోసేవి నూటికి 18 ఉంటాయి. ప్రతి తరంలోనూ నల్లవాటిని మాత్రమే తీసివేస్తే పది తరాల తరువాత కూడా నాలుగు వందలకు ఒకటి నల్లగా పుడుతూనే ఉంటుంది. గొర్రెలకు పది తరాలంటే ముప్పై ఏళ్ల పైమాటే. మీ ఉద్యోగ విరమణ కూడా అయిపోతుంది.

ఉన్ని పలక విషయానికి వస్తే, మనిషి మచ్చిక చేసిన తొలి గొర్రెలకు నేటి ఉన్ని లేదు. పైన మోటు వెంట్రుక, లోపల చలికాలంలో మొలిచి ఎండాకాలానికి రాలిపోయే సన్నని నూగు, అంతే. ఐఆర్ఎఫ్2బీపీ2 అనే జన్యువు తోకభాగంలో వేరే జన్యువు నకలు ఒకటి వచ్చి దూరడం వల్ల వెంట్రుక స్థానంలో ఉన్ని పెరిగే తీరు ఏర్పడిందని 2017లో ఫ్రాన్సు పరిశోధకులు ప్రకటించారు. అయితే అది ఒక్కటే కాదు. ఉన్ని రాలడం, రాలకపోవడం, ఎంత మేర రాలడం అన్నవి అనేక జన్యువులు కలిసి నడిపే లక్షణాలు. డార్పర్ జాతిని 1930లలో మొదలుపెట్టి దక్షిణాఫ్రికాలో తయారుచేశారు. ఉన్ని ఉన్న డార్సెట్ హార్న్ ఒక వైపు, వెంట్రుక మాత్రమే ఉన్న బ్లాక్‌హెడ్ పర్షియన్ మరొక వైపు. కాబట్టి ఆ జాతిలోనే కొన్నింటికి ఉన్ని పూర్తిగా రాలుతుంది, కొన్నింటికి వీపు మీద మిగులుతుంది. మీ జోడిపి గొర్రెలతో కలిపితే పిల్లల్లో కొన్నింటికి పలక ఉంటుంది, కొన్నింటికి ఉండదు. మళ్లీ మళ్లీ జోడిపి పొట్టేలునే కట్టుకుంటూ పోతే తగ్గిపోతుంది, కానీ దానితో పాటు మీరు కోరుకున్న తొడల కండ కూడా తగ్గుతుంది.

ఎంపికలో పోగొట్టుకునేది ఏమిటన్న మీ చివరి ప్రశ్నకు రెండు ఉదాహరణలు నాకు బాగా నచ్చినవి. స్కాట్లాండుకు పడమరగా ఉన్న సెయింట్ కిల్డా దీవుల్లో సోయ్ అనే గొర్రెలు మనిషి చేయి పడకుండా బతుకుతున్నాయి. 1985 నుంచి అక్కడ ఒక్కొక్క జీవాన్ని గుర్తుపట్టి లెక్క రాస్తున్నారు. ముదురు రంగువి లేత రంగువాటికంటే ఒళ్లు పెద్దవి, పెద్ద ఒళ్లు అక్కడి చలిలో మేలు, అయినప్పటికీ ముదురు రంగువి క్రమంగా తగ్గాయి. రంగు జన్యువుకు పక్కనే, బతుకుకు చేటు చేసే మరొక తేడా కూడా అంటుకుని వస్తున్నదని తేలింది. రంగు కోసం చేయి పెడితే దాని పొరుగున ఉన్నవి కూడా చేతికి వస్తాయి. రెండవది మనుషులు చేసుకున్నది. చర్మానికి ముడతలు ఎక్కువైతే ఉన్ని ఎక్కువ వస్తుందని నమ్మి ఆస్ట్రేలియా రైతులు 1880లలో అమెరికా నుంచి వెర్మాంట్ రకం మెరినోలను తెచ్చుకున్నారు. ఆ ముడతల్లో చెమ్మ చేరి, ఈగలు గుడ్లు పెట్టి, గొర్రెలు బతికుండగానే పురుగుల పాలయ్యే బాధ విపరీతమైంది. దానికి విరుగుడుగా తోక చుట్టూ చర్మం కోసివేసే పద్ధతి వచ్చింది, అది నేటికీ వివాదంలోనే ఉంది. ఇప్పుడు అదే రైతులు ముడతలు లేని పొట్టేళ్లను వెతికి ఎంచుకుంటున్నారు.

చింతామణి మంద:

ఇద్దరికీ కృతజ్ఞతలు. జన్యుపాఠం గారి లెక్కను మామయ్య గారికి చదివి వినిపించాను. "అయితే మన గొర్రెలే దొంగలా?" అని నవ్వేశారు. వ్యాపారి మీద కోపం మాత్రం ఇంకా పోలేదు, అది ధర విషయంలో లెండి.

రొప్పడం గురించి చదివిన తరువాత ఒక పని చేశాను. పోయిన ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు, మంద బీడులో ఉండగా, ఇరవై గొర్రెల డొక్కలు చూస్తూ అర నిమిషం చొప్పున ఊపిర్లు లెక్కపెట్టి రెట్టింపు చేసి రాసుకున్నాను. పూర్తి తెల్లవీ, ఒంటి మీద గోధుమ మచ్చలు ఎక్కువ ఉన్నవీ కలిసి ఉన్నాయి. చాలావరకు అన్నీ 80 నుంచి 120 మధ్యనే ఉన్నాయి, రంగును బట్టి తేడా నాకు కనిపించలేదు. ఒక్క తెల్లగొర్రె మాత్రం 170 దాటింది. ఎంత తెల్లగా ఉండీ అది ఎందుకు అంతలా రొప్పుతున్నదో అర్థం కాలేదు.

హెబ్బాళ పాత విద్యార్థి:

దాని కింది కనురెప్పను వేలితో కిందికి లాగి లోపలి రంగు చూడండి. ఎర్రగా ఉండవలసిన పొర పాలిపోయి ఉంటే, కడుపులో రక్తం పీల్చే నట్టలు ఉండే అవకాశం ఎక్కువ. రక్తం తక్కువైన జీవం చిన్న ఎండకే రొప్పుతుంది. పేడ పరీక్ష చేయించి, తగిన నట్టల మందు పట్టించండి. అందరికీ ఒకేసారి పట్టించవద్దు. పాలిపోయినవాటికే ఇస్తే మందుకు లొంగని నట్టలు మందలో పెరగడం తగ్గుతుంది. నట్టలను తట్టుకునే శక్తి కూడా కొంత పిల్లలకు దిగే లక్షణమే, కాబట్టి ఏ గొర్రెకు ఏడాదికి ఎన్నిసార్లు మందు అవసరమైందో మీ పుస్తకంలో ఒక గడి పెట్టుకోండి. ఒంటి రంగుకు పెట్టిన గడి కంటే అది ఎక్కువ పనికివస్తుంది.

పలమనేరు:

చదువుకున్నవారు ఇద్దరూ రంగును మరీ తేలిక చేశారేమో అనిపించి రాస్తున్నాను. మాది తరాలుగా జీవాలు కాసిన ఇల్లు. నేను చెన్నైలో ఉన్నా, మా అన్నయ్య పలమనేరు దగ్గర నూట యాభై జీవాలను కాస్తున్నాడు. మాకు రంగు అంటే అలంకారం మాత్రమే కాదు. సంతలో వంద జీవాలు కలిసినప్పుడు మన మందను దూరం నుంచి గుర్తుపట్టేది ఒంటి మచ్చలతోనే. కొనేవాడికి అది జాతికి పూచీ, తక్కెడ లేని చోట అతనికి వేరే ఆధారం ఏమీ లేదు. నెల్లూరు జాతిలోని పల్ల (పూర్తి తెల్లది), జోడిపి, దొర అన్న రకాల పేర్లు కూడా రంగును బట్టి వచ్చినవే గానీ బరువును బట్టి వచ్చినవి కావు కదా.

ధర మాట కూడా చెబుతాను. బక్రీదుకు బెంగళూరు నుంచి వచ్చేవారు ముఖం మీది మచ్చ చక్కగా కుదిరిన పొట్టేలుకు అదే బరువున్న మరొక దానికంటే అయిదారు వేలు ఎక్కువ ఇచ్చి తీసుకువెళ్లడం నేను కళ్లారా చూశాను. అలాంటప్పుడు రంగును వదిలేసి కిలోలు చూసుకోమని చెప్పడం రైతుకు నష్టం చెప్పినట్టు అవుతుంది.

డార్పర్ గురించి మాత్రం వారితో నేనూ ఏకీభవిస్తాను. మా పక్క ఊరిలో ఒకరు తెచ్చారు. కొట్టంలో కట్టేసి దాణా పెట్టినంత కాలం బాగానే ఉన్నాయి, బీడుకు తోలినప్పుడు మందతో సమంగా నడవలేక నీడ కనిపించిన చోటల్లా నిలబడిపోయేవి. కాసే మనిషికి అవి భారం. కట్టేసి మేపేవారికి లెక్క వేరు.

జన్యుపాఠం:

పలమనేరు గారి అభ్యంతరం న్యాయమైనదే, అందువల్ల దానిని లెక్కలోనే పెట్టి చూద్దాము. ఇవి నేను ఉదాహరణకు తీసుకున్న అంకెలు. మీ పుస్తకంలోని అంకెలను పెట్టి మళ్లీ వేసుకోండి.

మందలో ముప్పై పోతుపిల్లలు పుట్టాయనుకుందాము. మూడు నెలల బరువులో పిల్లకు పిల్లకు మధ్య ఉండే సగటు ఎడం రెండు కిలోలు. ముప్పైలో అన్నిటికంటే బరువైన దానిని ఉంచుకుంటే అది సగటు కంటే దాదాపు నాలుగు కిలోలు పైన ఉంటుంది. ముప్పైలో మచ్చలు కుదిరినవి ఆరే ఉండి, ఆ ఆరింటిలో బరువైన దానిని ఉంచుకుంటే అది సగటు కంటే రెండున్నర కిలోలే పైన ఉంటుంది. బరువులోని తేడాలో అయిదో వంతే పిల్లలకు దిగుతుందనీ, అందులో తండ్రి వాటా సగమనీ తీసుకుంటే, మొదటి పొట్టేలు వల్ల ఒక్కొక్క పిల్లకు 400 గ్రాములు, రెండవ దాని వల్ల 250 గ్రాములు లాభం. యాభై పిల్లల మీద తేడా ఏడున్నర కిలోలు. కిలో 400 రూపాయల లెక్కన మూడు వేలు.

కాబట్టి ఒక్క ఈతనే చూస్తే పలమనేరు గారే గెలిచారు. బక్రీదుకు మచ్చ కుదిరిన ఒక్క పొట్టేలు ఆ నష్టాన్ని పూడ్చి ఇంకా మిగిలిస్తుంది. కానీ రంగుకు వచ్చిన ధర ఆ రోజుతో ఖర్చయిపోతుంది. బరువు లాభం ఆ పొట్టేలు కూతుళ్లలో నిలిచి, వచ్చే పొట్టేలు తెచ్చే లాభానికి అడుగున చేరుతుంది. పైగా నేను ఒక్క లక్షణాన్నే లెక్కించాను. పిల్లలు బతకడం, కవలలు, నట్టలు, పాలు అన్నిటిలోనూ ముప్పైలో ఒకటిని వెతకడానికీ, ఆరింటిలో ఒకటిని వెతకడానికీ ఉన్న తేడా అలాగే ఉంటుంది.

గొంగడి:

ఇదే సంగతికి తెలంగాణ వైపు జరిగిన కథ ఒకటి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మేము బెంగళూరుకు వచ్చి స్థిరపడినా మా తాతగారి గొంగడి ఇంకా మా ఇంట్లో ఉంది. దక్కనీ గొర్రె ఉన్ని మోటుది, నల్లది. ఆ నలుపుకు అద్దకం అక్కరలేదు కాబట్టి కురుమలు తరతరాలుగా నల్ల పొట్టేళ్లనే ఉంచుకున్నారు. అది కూడా రంగును బట్టి చేసిన ఎంపికే, కానీ ఆ రంగు వాన కాచే గుడ్డగా మారి కాపరి భుజం మీదికే వచ్చేది. తరువాత మాంసానికి ధర పెరిగి, ఉన్నికి కత్తిరింపు కూలి కూడా రాని రోజులు వచ్చాయి. ఎక్కువ బరువు కోసం చాలామంది నెల్లూరు పొట్టేళ్లను తెచ్చి దక్కనీ మందల్లో కలిపారు. రెండు మూడు తరాలలోనే ఉన్ని పలుచబడి, చాలా మందల్లో దారం తీయడానికి పనికివచ్చే బొచ్చే మిగలలేదు. ఇప్పుడు గొంగడి నేసేవారు ఉన్ని కోసం వెతుక్కుంటున్నారు.

2019 పశుగణనలో దేశంలోకెల్లా ఎక్కువ గొర్రెలు తెలంగాణలోనే లెక్కకు వచ్చాయి, కోటీ తొంభై లక్షలకు పైగా. అన్ని ఉన్నా గొంగడికి ఉన్ని కరువు. చింతామణి వారి మంద జోడిపి కాబట్టి వారికి ఈ చిక్కు లేదు. డార్పర్‌ను కలిపి, వద్దనుకున్నప్పుడు వెనక్కి తీసేద్దామనే ఆలోచన ఎవరికైనా ఉంటే వారి కోసం రాశాను.

చింతామణి మంద:

అందరి మాటలూ మామయ్య గారి దగ్గర కూర్చుని ఒక్కొక్కటిగా చదివాను. ఆ తెల్లగొర్రె కనురెప్ప లోపల దాదాపు కాగితంలా పాలిపోయి ఉంది. పేడ పరీక్షకు పంపించాము. జోడిపి పొట్టేలు తొడ లోపలి చర్మం చూశాను, నల్లగా లేదు, గులాబీ రంగు మీద అక్కడక్కడా నల్ల చుక్కలు ఉన్నాయి. దొర పొట్టేలుది ముదురు రంగు.

డార్పర్ ఆలోచన మానుకున్నాము. మిగతా రెండింటిలో మామయ్య గారికీ నాకూ రాజీ ఇలా కుదిరింది. పిల్లలను బాగా పెంచిన, మచ్చలు కుదిరిన ఇరవై గొర్రెలను వేరు చేసి జోడిపి పొట్టేలుకు వదులుతాము. వాటి పోతుపిల్లలు బక్రీదు బేరానికి. మిగతా నలభై గొర్రెలకు దొర పొట్టేలు; వాటి పిల్లల రంగును ఎవరూ అడగకూడదని షరతు. పాత పొట్టేలు కూతుళ్లన్నీ ఈ నలభైలోనే ఉంటాయి. పుట్టినరోజు బరువు, మూడు నెలల బరువు, మందు ఎన్నిసార్లు పట్టించామన్నది మూడు గడులుగా రాస్తాను. ఇరవైనీ నలభైనీ ఎదకాలంలో నలభై అయిదు రోజులు విడిగా ఉంచడానికి మధ్యలో కంచె కావాలి. రాతి కూసాలు ఉన్నాయి, ముళ్లతీగ వద్దనీ, జీవాల చర్మం చీరుకుంటుందనీ మామయ్య గారు అంటున్నారు. గొర్రెలకు సరిపోయే అల్లికతీగ ఎంత ఎత్తున కట్టాలో, పొట్టేలు దానిని దూకకుండా ఉండటానికి ఏమి చేస్తారో పలమనేరు గారు చెప్పగలిగితే వచ్చే ఆదివారం పని మొదలుపెడతాము.

పలమనేరు:

నాలుగున్నర అడుగులు కట్టండి. మొదటి వారం పొట్టేలుకు ఎదురుగా కనిపించేటట్టు అవతలి గొర్రెలను మేపకండి, కంచె కింది అంచును రాళ్లతో నొక్కిపెట్టండి. పొట్టేలు దూకేది తక్కువ, తలతో ఎత్తి కిందినుంచి దూరేదే ఎక్కువ.